గౌరి నెలలు, నా చక్రం

నా చేతిలో ఒక బిడ్డ పుట్టకముందే నెలన్నర పెద్దదైపోయింది. నవ్వకండి. ఆ ఘనకార్యం నేను చాటుగా కూడా చెయ్యలేదు. ఆదివారం పొద్దున్నే, శ్రీకాకుళంలో, జిల్లా డాక్టర్లంతా ఉప్మా తింటుండగా చేశాను. ఇది చదివాక "ఈవిడ చేతిలోనా నేను పుట్టింది!" అని ఎవరికైనా గుండె గుభేలుమంటే ముందే క్షమాపణ చెప్పుకుంటున్నాను.

అరవైల ఆఖరు. నాకు ఇరవయ్యారేళ్ళు. గోదావరి వైపు పిల్లని, కోటబొమ్మాళికి దగ్గర్లో ఒక చిన్న ఆసుపత్రికి డాక్టరుగా వచ్చిపడ్డాను. చుట్టుపక్కల మరో ఆడ డాక్టరు లేదు. ఏ చెట్టూ లేనిచోట ఆముదం చెట్టే మహావృక్షమంటారు కదా, ఆ వృక్షాన్ని నేనే. ఆముదం మాట కాస్త గుర్తుపెట్టుకోండి, ముందు ముందు పనిపడుతుంది.

ఆ ఎండాకాలం విశాఖపట్నంలో పదిరోజుల తరగతులు పెట్టారు. ఊళ్ళల్లో పురుళ్ళు పోసే డాక్టర్లు చదివింది మర్చిపోతున్నారు, కొత్తవి తెలుసుకోవడం లేదు, వాళ్ళకి మళ్ళీ చదువు చెప్పాలని. మర్చిపోయేంత వయసు నాకింకా రాలేదు గానీ వెళ్ళాను. ముందు వరసలో కూర్చుని రెండు నోటుపుస్తకాలు నింపాను. వచ్చేటప్పుడు తలా ఒక అట్టచక్రం ఇచ్చారు. పెద్ద చక్రం మీద చిన్న చక్రం, మధ్యలో ఇత్తడి బొత్తాం. ఆడమనిషి ఆఖరుసారి నెలసరి వచ్చి బయటున్న తేదీ దగ్గర బాణం గుర్తు పెడితే చాలు, పురుడొచ్చే తేదీ అదే చూపిస్తుంది. విష్ణుమూర్తి కూడా తన చక్రాన్ని అంతసేపు చేత్తో పట్టుకుని ఉండడు. నేను భోంచేసేటప్పుడు కూడా పక్కన పెట్టుకునేదాన్ని.

జూన్ మొదట్లో అప్పలమ్మ అనే రైతు ఇల్లాలు కూతురు గౌరిని తీసుకొచ్చింది. చీపురుపల్లి దగ్గర పల్లెలో కాపరం చేస్తున్న పిల్ల, తొలిచూలు పురిటికి కన్నవారింటికి వచ్చింది. పద్దెనిమిదేళ్ళు ఉంటాయి. తల దించుకుని పైటకొంగు వేలికి చుట్టుకుంటోంది.

"ఎన్నో నెల?" అని పిల్లనే అడిగాను.

"తొమ్మిదింకా పడనేదమ్మా," అంది తల్లి.

"ఆఖరుసారి ఎప్పుడు బయటుంది?"

"సంబరం నాడు బయటుందంటమ్మా. ఆ తరవాత మరి నేదు," అంది మళ్ళీ తల్లే.

తొలిచూలు పిల్ల తల్లి ఎదుట నెలల సంగతి నోరు విప్పి చెప్పడం ఆ రోజుల్లో అక్కడ సిగ్గుమాలినతనం కింద లెక్క. గౌరి నోరు విప్పలేదు, నేనూ విప్పించలేదు. సంబరమంటే అమ్మవారి పండగని అప్పటికి నాకు తెలుసు. ఎప్పుడో తెలియదు. అంచేత చాలా తెలివిగా కాంపౌండరుని పిలిచాను.

"సింహాచలం! సంబరం ఎప్పుడయ్యా?"

అతను మందు కలుపుతూ తల తిప్పకుండానే చెప్పాడు. "పోలాల అమాస ఎల్లిన మంగళారమండమ్మా."

గోడమీద పాత క్యాలెండరు చూసి తేదీ పట్టాను. చక్రం తిప్పాను. పురుడు రావలసిన రోజు వెళ్ళిపోయి అప్పటికే నాలుగు రోజులు!

"అమ్మో, నెలలు దాటిపోతున్నాయి," అన్నాను.

అప్పలమ్మ వేళ్ళు మడిచి, విప్పి, మళ్ళీ మడిచింది. "నా లెక్కకి అలాగ రాదమ్మా."

"నీ లెక్క వేళ్ళమీద. నా లెక్క చక్రం మీద."

ఆవిడ చక్రం వంక చూసి దణ్ణం పెట్టబోయి ఆగింది.

కొత్త బిచ్చగాడు పొద్దెరగడంటారు. కొత్త డాక్టరమ్మ నెలలే ఎరగలేదు. పొట్ట చూస్తే చిన్నగానే ఉంది. బుద్ధి ఉన్నవాళ్ళెవరైనా అక్కడ ఆగేవారు. నేను ఆగలేదు. నెలలు దాటితే ఉమ్మనీరు తగ్గుతుందని, బిడ్డ చిక్కుతుందని నోటుపుస్తకంలో ఎర్రసిరాతో రాసుకుని ఉన్నాను కదా! పొట్ట చిన్నగా ఉండటమే నాకు ఋజువైపోయింది. పెద్దగా ఉండుంటే దానికీ ఇంకో పేజీ దొరికేది.

నొప్పులు రప్పించడానికి అప్పట్లో మొదటి అస్త్రం ఆముదం. పట్టించాను. మర్నాడు వెళ్ళి అడిగాను.

"నొప్పులొచ్చాయా?"

"నొప్పులు నేవమ్మా," అంది అప్పలమ్మ. "సెంబు మాత్రం సేతిలోంచి దిగనేదు."

నాలుగురోజులాగి మళ్ళీ పట్టించాను. మళ్ళీ చెంబే. గౌరి మొహం పీక్కుపోయింది. ఆ పిల్ల ఆముదం సీసా చూస్తేనే గోడవైపు తిరిగిపోయేది. ఇక లాభం లేదు, సోమవారం ఉమ్మనీటి సంచి చించి పురుడు పోసేద్దామని నిశ్చయించుకున్నాను. కానీ ఇంత గొప్ప కేసు పదిమందికీ చూపించకుండా ఎలా?

శ్రీకాకుళంలో నెలకో ఆదివారం డాక్టర్ల సమావేశం జరిగేది. ఒకరు తమ కేసు చెప్పాలి, మిగతావాళ్ళు ప్రశ్నలు వెయ్యాలి, అందరూ నేర్చుకోవాలి. మధ్యలో ఉప్మా, కాఫీ. ఆ నెల వంతు నాది. తల్లినీ కూతురినీ పాసింజరు ఎక్కించాను. తిలారు దాటింది, ఊర్లాం దాటింది, గౌరి కిటికీలోంచి బయటికి చూస్తూ ఒక్కమాట మాట్లాడలేదు. నేనూ మాట్లాడలేదు, ఇంగ్లీషు ఉపన్యాసం బట్టీ పడుతున్నాను. శ్రీకాకుళానికి రైలు దిగాల్సిన స్టేషను ఆమదాలవలస. శకునం అంత బాహాటంగా చెప్పినా నాకు తలకెక్కలేదు.

మేడమీద హాలు, చెక్క బెంచీలు, డెట్టాలు వాసనలో కలిసిన కాఫీ వాసన. ఇప్పుడు పెద్దపెద్ద హోటళ్ళలో చల్లటి గదుల్లో జరుగుతున్నాయి ఈ చదువులు. వెళ్తూనే ఉంటాను గానీ ఆ బెంచీల మీద కూర్చున్న ముఖాల కోసం కళ్ళు వెతుక్కుంటాయి. ఒక్కరూ లేరిప్పుడు.

అధ్యక్షురాలు ఊళ్ళో పెద్ద డాక్టరమ్మగారు. అరవై ఏళ్ళు, తెల్లటి పొందూరు ఖద్దరు చీర, మాట తక్కువ. నేను ఇరవై నిమిషాలు దంచేశాను. చక్రం పైకెత్తి నాలుగు దిక్కులకీ చూపించాను. "పద్నాలుగు రోజులు దాటింది. రేపే పురుడు పోస్తున్నాను," అని ముగించాను. చప్పట్లు కూడా కొట్టారు. వెనక బెంచీలో కునికిపాట్లు పడుతున్న పెద్దాయన ఉలిక్కిపడి లేచి ఆయనా కొట్టాడు.

పెద్ద డాక్టరమ్మగారు కొట్టలేదు. తెరచాటున పడుకోబెట్టిన గౌరి దగ్గరికి వెళ్ళారు. చేతులు రుద్ది వెచ్చజేసుకుని పొట్టమీద ఆనించారు. చెక్కగొట్టంతో బిడ్డ గుండె విన్నారు. తెర పక్కకి లాగారు.

"ఎన్నో నెలమ్మా?"

"తొమ్మిదింకా..." అని అప్పలమ్మ మొదలెట్టింది.

"నువ్వు ఊరుకో. పిల్ల సెప్పాల."

గౌరి గొంతు మొదటిసారి విన్నాను. సన్నగా, స్పష్టంగా ఉంది.

"సంబరం నాడు బయటున్నానమ్మా."

"సంబరం సూసినావా?"

"నేదమ్మా. అందరూ ఎల్లిపోనారు. నానొక్కద్దాన్నే పెరట్లో కూకోని డప్పులిన్నాను. కొత్త కోడల్ని కదా, సూడాలని ఎంత ఆశపడ్డానో." ఆ పిల్ల కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"ఏ ఊరు సంబరమే అది?"

"మా అత్తోరూరుదమ్మా. దసరా ఎల్లిన వారానికి సేస్తారు."

ఎవరి చేతిలోనో చెంచా ఉప్మా పళ్ళెంలో పడింది. పెద్ద డాక్టరమ్మగారు నా చేతిలోంచి చక్రం తీసుకుని, తిప్పి, నాకే చూపించారు. ఇంకా నెలపైన అయిదు రోజులుంది.

ఊరూరికీ ఒక సంబరం, దేని రోజు దానిదే. సింహాచలం చెప్పింది మా ఆసుపత్రి ఉన్న ఊరిది. ఆ ముక్క హాల్లో అందరికీ తెలుసు. గుమ్మం దగ్గర కాఫీ పోస్తున్నాయనకి కూడా తెలుసు.

"మరి నువ్వెందుకు చెప్పలేదు?" అని అప్పలమ్మ మీద పడ్డాను.

"నాను సెప్పినానమ్మా, నా లెక్కకి రాదని. పెద్ద సదువు సదివినావు, సక్రం అబద్దమాడతాదేటి అని ఊరుకున్నాను."

పెద్ద డాక్టరమ్మగారు నా భుజం మీద చెయ్యి వేశారు. "కడుపు ఈ పిల్లది. బయటున్నది ఈ పిల్ల. డప్పులు విన్నది ఈ పిల్ల. నువ్వు అడిగింది మాత్రం కాంపౌండరునా!"

హాలు దద్దరిల్లింది. ఆముదం తాగింది గౌరి, ఆ మొహం మాత్రం నాది. నవ్వులు తగ్గాక ఆవిడ నాకొక్కదానికే వినబడేలా అన్నారు. "రేపు నువ్వు సంచి చించుంటే, పండని బిడ్డని ఎక్కడ పెట్టి బతికించేదానివమ్మా?" ఇంతకాలమైనా ఆ ప్రశ్న నన్ను వదల్లేదు. బయటికి వచ్చి వరండాలో ఏడ్చాను. అప్పలమ్మే నా కళ్ళు తుడిచి, "పోనీలేమ్మా, బిడ్డ సల్లగున్నాది కదా," అంది.

నాకు శిక్ష కూడా వేశారు. మా చుట్టుపక్కల పల్లెలన్నీ తిరిగి ఏ ఊరి సంబరం ఎప్పుడో రాసుకుని, వచ్చే సమావేశంలో చదవమన్నారు. రాశాను, చదివాను. సింహాచలం సగం ఊళ్ళు తప్పు చెప్పాడు, ఆడవాళ్ళే దిద్దారు. ఆ కాగితం నకళ్ళు జిల్లాలో చాలా ఆసుపత్రుల గోడలకెక్కాయి. నా జీవితంలో నేను రాసిన ఏకైక పరిశోధన అదే.

గౌరికి జూలై నడిమిన, వాన జోరుగా కురుస్తుండగా, ఆడపిల్ల పుట్టింది. బొద్దుగా, నల్లటి జుట్టుతో, ఒక్క రోజు కూడా తొందరపడకుండా.

రెండేళ్ళకి మళ్ళీ కడుపుతో వచ్చింది గౌరి. నేను బల్లసొరుగు మీద చెయ్యి వేశానో లేదో, తల్లిని వెనక్కి నెట్టి తనే గడగడా అందుకుంది.

"డాట్రమ్మా, సక్రం తియ్యకు. మా అత్తోరూరు, సంబరం ఎల్లిన మూడోనాడు. ఈపాలి సంబరం సూసినాను. ఎవుల్నీ అడగొద్దు, నన్నడుగు. ఆమదం మాత్రం నానొల్ల!"

అందుకని, ఉత్తరాంధ్ర అమ్మవార్లందరి సాక్షిగా, ఎడమచెయ్యి ఆముదం సీసా మీద ఉంచి ఆ రోజే ప్రమాణం చేశాను: కడుపు ఎవరిదో వాళ్ళనే అడుగుతాను, ఊరి పేరు వినందే చక్రం ముట్టుకోను, ఇంకొకళ్ళకి ఆముదం పట్టించేముందు నేనొక చెంచా తాగుతాను. ఈ మూడో ప్రమాణం దెబ్బకి ఆ తరవాత ఎవరికీ ఆముదం పట్టించాల్సిన అవసరం రాలేదు.