లకుముకిపిట్టకు క్యూరింగ్

నలభై ఏళ్ళుగా డైరీ రాస్తున్నాను. అందులో ఒక్క పేజీని మాత్రం ఇప్పటికీ పక్క పేజీతో కలిపి తిప్పేస్తాను. ఆ పేజీలోని ఘోరమే మీకు చెప్పబోతున్నాను. నవ్వొస్తే మొహమాటపడకండి.

రిటైరై మారతహళ్ళిలో స్థిరపడ్డ తొలి ఏడాది, గాజుముక్కలు అతికించి బొమ్మలు చేసే మొజాయిక్ పని నేర్చుకోవాలని బుద్ధి పుట్టింది. గురువు కె.ఆర్.పురం రత్నమ్మ, నాకంటే పాతికేళ్ళు చిన్నది. ఇళ్ళలో టైల్స్ పరుస్తూ, మిగిలిన ముక్కలతో ఈ విద్యను తనంతట తానే పట్టింది. ఆమె కొలవదు, గీయదు. పటకారుతో ఒక్క నొక్కు నొక్కితే గాజు పిట్ట ఈకలా వచ్చి ఒళ్ళో పడుతుంది. నేను స్కేలు పెట్టి, గీత గీసి, కొలత డైరీలో రాసుకుని నొక్కితే అప్పడంలా పొడైపోయేది. నా మొదటి చేప చూసినవాళ్ళందరికీ బూటులాగే కనిపించింది.

అప్పుడే రత్నమ్మకు తన పేరుమీద మొదటి ఆర్డరు వచ్చింది. ఓ పిల్లల డాక్టరుగారి క్లినిక్ గోడకు లకుముకిపిట్ట. ఇంట్లో చోటు చాలక మా మిద్దెమీదే మూడు వారాలు కూర్చుని చేసింది. ఆ నీలం చూస్తే ఆకాశం చిన్నబోవాలి. ఎల్లుండి పొద్దున్నే ఇచ్చెయ్యాలి, లేకపోతే ఆర్డరు పోతుంది. ముక్కల సందుల్లో సిమెంటు నింపడమే మిగిలింది. బొమ్మంతా ముద్ద పూసి, కాసేపాగి, పైది తుడిచేయాలి. పూయడం అయ్యేసరికి, వాళ్ళమ్మ స్టేషన్‌లో దిగిందని రత్నమ్మకు ఫోను.

"పదైదు నిమిషాలాగి తడి స్పాంజితో తుడిచేయండి సార్. మరిచిపోవద్దప్పా," అని పరుగెత్తింది.

మరిచిపోయినా బాగుండేది. నేను ఆలోచించాను.

ముప్పై నాలుగేళ్ళు కాలువలమీద వంతెనలు కట్టించినవాణ్ణి. పోసిన సిమెంటును పదిహేను నిమిషాల్లో ముట్టుకున్న మేస్త్రీని సైటు దాటించినవాణ్ణి. సిమెంటు గట్టిపడేదాకా తడి ఆరనివ్వకూడదు, దాన్నే మేం క్యూరింగ్ అంటాం. గోనెసంచి తడిపి పిట్టమీద కప్పాను. గంటకోసారి నీళ్ళు చల్లి, టైము డైరీలో వేశాను.

బట్టలు ఆరేయడానికి వచ్చిన మా ఆవిడ, "ఆవిడ తుడవమంది కదండీ?" అంది.

"ఆవిడకు గాజు తెలుసు. నాకు సిమెంటు తెలుసు."

"మరి పిట్ట ఎవరిది?"

ఇంకో చెంబు నీళ్ళు పోశాను.

మర్నాడు రత్నమ్మ వచ్చి గోనె ఎత్తింది. కింద పిట్ట లేదు. బూడిదరంగు బండ ఉంది. నేను డైరీ తెరిచి, ఏ గంటా తప్పలేదని చూపించాను.

"ఇదేమన్నా స్లాబా సార్?" అంది మెల్లగా.

అంతే, తిట్టు లేదు. వేలితో బండమీద తట్టి, చెవి పెట్టి విని, ఓ మూల బ్లేడు ఆనించింది. బూడిద పెచ్చు ఎగిరింది. కింద నీలం మెరిసింది.

"గాజు నున్నగా ఉండాది. సిమెంటు దాన్ని పట్టుకోలేదు. కూర్చోండి సార్. ఈపొద్దు మీరు ఇంజనీరు కాదు."

ముప్పై నాలుగేళ్ళలో నాకు తెలియని సంగతి అది. సాయంత్రందాకా గీకాం. నాకు పిట్ట పొట్ట అప్పగించి, కన్ను తను తీసుకుంది. ఆ బ్లేడు వాలుగా జారుతుంటే ఒక్క గీత పడితే ఒట్టు. పొద్దువాలేసరికి పిట్ట గుడ్డులోంచి పిల్లలా బయటికొచ్చింది. నా వేళ్ళు మాత్రం కొబ్బరికోరాముతో షేక్‌హ్యాండ్ చేసినట్టున్నాయి.

అనుకున్న పొద్దుకే క్లినిక్ గోడమీద బిగించాం. డాక్టరుగారు సందులు తడిమి, ఇంత గట్టిగా ఎలా వచ్చిందని అడిగారు.

"గట్టిగా లేక? బ్రిడ్జిలు కట్టిన సారు నీళ్ళు కొట్టినారు," అంది రత్నమ్మ.

ఆయన ముచ్చటపడి, వచ్చే నెల ఎదురు గోడకు తాబేలు కూడా చేయమన్నారు. దానికీ నాతోనే నీళ్ళు కొట్టించమన్నారు. నేను ఛాతీ విరిచానో లేదో, రత్నమ్మ అందుకుంది.

"ఆ నెలంతా సార్ ఊళ్ళో ఉండరు డాక్టర్."

నేను ఊళ్ళోనే ఉన్నాను. కావున, పూర్తి స్పృహతో ప్రమాణం చేస్తున్నాను: ఇకమీదట రత్నమ్మ పదిహేను నిమిషాలంటే, పద్నాలుగో నిమిషానికే స్పాంజితో నిలబడతాను. నా ముప్పై నాలుగేళ్ళ అనుభవాన్ని మాత్రం మెట్లకిందే, చెప్పుల పక్కన వదిలి పైకి వెళతాను.