కొండలెక్కే బండి

మేముండే బర్మామైన్స్ పేటలో మా పెదనాన్న, లివరు లాగితే నాలుగు చక్రాలకూ ఇంజను బలం అందే పాత ఫోర్‌వీల్ జీపు కొన్నాక, దాన్ని తోసి స్టార్ట్ చేయించే మా వీధి మగవాళ్ళందరికీ రోజూ ఉచితంగా వ్యాయామం దొరికింది. ఆదివారం వస్తే ఆదిత్యపూర్ మెకానిక్ దగ్గరికి తీర్థయాత్ర. ఎవరైనా నవ్వితే పెదనాన్న బానెట్ తడుతూ, "ఇది కొండలెక్కే బండిరా, మీకేటి తెలుసు?" అనేవాడు.

నాకు పురిటినొప్పులొచ్చిన రోజు కుండపోత వాన. వీధిలో మోకాటిలోతు నీళ్ళు. ఏ ఆటోవాడూ వస్తాననలేదు. పెదనాన్న జీపు తెచ్చాడు.

"ఇందులోనా, పెదనాన్నా?" అని ఏడ్చాను.

ఆయన గేరు పక్కనున్న చిన్న లివరు లాగాడు. జీపు ఎక్కడా ఆగకుండా నీళ్ళు చీల్చుకుంటూ ఆసుపత్రికి చేరింది.

మర్నాడు పాపను చూడ్డానికి వచ్చినప్పుడు, "గొప్ప బండే పెదనాన్నా" అన్నాను.

ఆయన గొంతు తగ్గించాడు. "ఎవులితోనూ అనకమ్మా. ఆ ఫోర్‌వీల్ లివరు నిన్ననే మొదటిసారి లాగేను. ఇరిగిపోద్దేమోనని ఇన్నాళ్ళూ ముట్టలేదు."