ముందు పిలిచే పేరు

మా వీధి అనౌన్సర్ మామ మొన్న ఆదివారం కాజీపేటలోని తన ఇంట్లో చనిపోయారు. గుండె జబ్బు. రైల్వేలో పనిచేసినన్నాళ్లూ స్టేషన్ మైకులో రైళ్ల రాకపోకలు చెప్పింది ఆయనే. సాయంత్రాలు మా మైదానంలో బాక్సింగ్ పోటీలు జరిగితే అక్కడి మైకూ ఆయనదే.

బుగ్గన లవంగం పెట్టుకుని, మైకుకు తెల్ల రుమాలు చుట్టి మొదలుపెట్టేవారు. ఫలితం చెప్పే పద్ధతి మాత్రం నేను ఇంకెక్కడా చూడలేదు. ముందు ఓడినవాడి పేరు, ఊరు పిలిచేవారు. మైకు దించి, అతను తల ఎత్తేదాకా ఆగేవారు. ఆ తర్వాతే గెలిచినవాడి పేరు. నేను ఆటల వార్తలు రాసే రోజుల్లో, "గెలిచినోని ఫొటో ఏస్తవ్ గని, ఓడినోని ఊరు గూడ రాయకపోతివి" అని దెప్పేవారు. రాయడం మొదలుపెట్టాక టీ తాగించారు.

విదేశీ ప్రమోటర్లు కొత్త మార్కెట్లు వెతుక్కుంటూ హైదరాబాద్ వచ్చి పెద్ద పోటీ పెట్టినప్పుడు, తెలుగులో చెప్పడానికి ఆయన్ను పిలిచారు. ప్రధాన పోటీకి ముందు జరిగే చిన్న పోటీల్లో మొదటిది స్టేషన్ ఘన్‌పూర్ యువకుడిది. కూలీల ఇంటి బిడ్డ, మా మైదానంలోనే నేర్చుకున్నాడు. ఆట నచ్చితే దుబాయ్‌లో ఇంకో పోటీ ఇస్తామన్నారు. నచ్చకపోతే ఇక్కడితో సరి.

రిహార్సల్‌లో నిర్వాహకుడు మామకు చెప్పాడు: "సార్, ఓడినవాళ్ల పేరు వద్దు. విన్నర్ పేరు, మ్యూజిక్, అంతే. టీవీలో టైమ్ ఉండదు."

"జర ఆగు బిడ్డా. టికెట్ కొన్నోళ్లల్ల సగం మంది ఓడేటోని కోసమే వస్తరు. ఆళ్లను ముఖం దాసుకొని పొమ్మంటవా? మల్ల టికెట్ ఎవలు కొంటరు?"

నిర్వాహకుడు వెళ్లి ప్రమోటర్‌ను అడిగొచ్చాడు. మొదటి పోటీకి మామ పద్ధతిలోనే చేసి చూడమన్నారట.

రింగ్ ఎక్కబోతూ ఆ యువకుడు అన్నాడు: "మామా, ఇయ్యాల నా పేరు ముందుగాల పిలవకు."

"గెల్వు మరి. ఆఖరుకు పిలుస్త."

ఓడిపోయాడు. చివరి రౌండ్‌దాకా నిలబడి, పాయింట్ల మీద. మామ అతని పేరు పిలిచి, స్టేషన్ ఘన్‌పూర్ అని, మైకు దించారు. అతను తల ఎత్తలేదు. మ్యూజిక్ పెట్టాల్సిన మనిషి నిర్వాహకుడి ముఖం చూశాడు. మామ ఆగారు. వరంగల్ నుంచి వచ్చినవాళ్లు లేచి చప్పట్లు కొట్టారు, తర్వాత వెనక వరుసలు లేచాయి. హాలంతా మోగాక అతను తల ఎత్తాడు.

అప్పుడు ప్రమోటర్ చూస్తున్నది రింగ్‌ను కాదు, కుర్చీల్లోంచి లేచిన జనాన్ని. కొన్నాళ్లకు ఆ యువకుడికి దుబాయ్ పిలుపు వచ్చింది. చప్పట్ల వల్లే వచ్చిందని రాయను, అతని ఆట కూడా బాగుంది. ఆ రోజు మిగతా పోటీలన్నిటిలోనూ ఓడినవాళ్ల పేర్లు పిలిచారన్నది మాత్రం కళ్లారా చూశాను. దుబాయ్‌లో అతను గెలిచాడు. ఫోన్‌లో ఆ సంగతి విని మామ, "ఆఖరుకు పిలిచిండ్రా?" అని మాత్రం అడిగారట.

మొన్న సమాధుల తోటలో పాస్టర్ ప్రార్థన ముగించాక, ఆ యువకుడు ముందుకొచ్చి ఆయన చేతిలోని మైకు తీసుకున్నాడు. దానికి తెల్ల రుమాలు చుట్టాడు. మామ పూర్తి పేరు పిలిచి, కాజీపేట అన్నాడు. మైకు దించాడు. మైదానంలో ఆయన గొంతు విన్నవాళ్లమందరం, అలవాటు ప్రకారం, ఆగాం. ఎంతసేపు చూసినా అతను రెండో పేరు పిలవలేదు.