విమానం పోయాక అంబలి

మా పెద్దమ్మ మొన్న మంగళవారం పోయింది. కాఫీ తోటలో, ఎగువ వాలులో, మొక్కల బుట్ట నెత్తిన పెట్టుకుని నడుస్తూ కళ్ళు తిరిగి పడింది. కింద రాళ్ళు. ఆసుపత్రి దాకా తీసుకెళ్ళే పని పడలేదు. కాలు జారి పడిందని తోటవాళ్ళు చెప్పుకుంటున్నారు. కాలు జారలేదు. పొద్దుటి నుంచి కడుపులో ఏమీ లేక పడింది. ఆ రోజు గాలి ఎక్కువై విమానం రాలేదు, అందుకని పడింది.

ఈ చివరి మాట మీకు అర్థం కాదని తెలుసు. విమానానికీ, కొండమీద మొక్కలు మోసే ముసలిదాని కడుపుకీ ఏం సంబంధం అంటారు. అది చెప్పడానికే రాస్తున్నాను.

శుక్రవారం అరకు సంతలో దినానికి బెల్లం కొన్నాను. పొట్లం కట్టిన పేపరు ముక్కలో చిన్న వార్త ఉంది. బలమైన గాలుల వల్ల విశాఖకి రావలసిన విమానం రాలేదనీ, ప్రయాణికులకి అసౌకర్యం కలిగిందనీ. అదే మంగళవారం సంగతి. అసౌకర్యం పడ్డవాళ్ళలో మా పెద్దమ్మ లెక్కకి రాదు. ఆమె విమానం ఎక్కలేదు. దాన్ని నేలమీద చూసి కూడా ఎరగదు.

మావాళ్ళు కింద శృంగవరపుకోట వైపు వాళ్ళు. ఈ కొండల్లో రైలుదారి వేస్తున్నప్పుడు మట్టిపనికని పైకొచ్చారు. రైలు నడవడం మొదలయ్యాక మట్టిపని అయిపోయింది, మనుషులు మిగిలిపోయారు. తోటలో చేరారు. నా చిన్నప్పుడే మా అమ్మ పోతే పెద్దమ్మ నన్ను పెంచింది. ముద్దు చేసి కాదు, తిట్టి. "ఒరే గుంటడా, నీ నోరు సూత్తే ఎవుడైనా పిల్లనిత్తాడేట్రా?" అనేది. నా నోరు ఆమె దగ్గర నేర్చుకున్నదే.

ఆమెకి ఒక ఆనప బుర్ర ఉండేది. ఎండబెట్టి లోపల గుజ్జు తీసేసిన ఆనపకాయ. సాయంత్రం వాగులో గులకరాళ్ళు వేసి గలగల ఆడించి కడిగేది. పొద్దున్నే చోడంబలి, అదే రాగి అంబలి, నింపి, అడ్డాకు చుట్టి మూతి బిగించేది. తోటలో కాఫీకి నీడ కోసం పెంచే సిల్వర్ ఓక్ చెట్లు ఉంటాయి కదా, పనిచేసే వరసలో ఒక చెట్టు చూసుకుని, కొమ్మకి తగిలించేది. చుట్ట తిరగేసి, నిప్పున్న వైపు నోట్లో పెట్టుకుని పొగ తాగేది. "గాలికి ఆరని సుట్ట ఇదొక్కటే" అని గొప్ప. ఈ కొండల్లో గాలికి ఆరనిది ఆమె దగ్గర అదొక్కటే ఉండేది.

కడుపులో నొప్పి ఆమెకి పాతదే. వేళకి తినకపోతే ముడుచుకుపోయేది. ఆసుపత్రి కాంపౌండరు తెల్ల మాత్రలిచ్చి, వేళకి తినమన్నాడు.

"తినే ఏల నా సేతిలో ఉన్నాదేటి బావూ? మేస్త్రీ సేతికున్నాది," అంది పెద్దమ్మ.

ఉత్తమాట కాదు. మా తోటలో గడియారం ఒక్క మేస్త్రీకే ఉండేది. మధ్యాహ్నం అంబలికి కూర్చోవడం ఆయన చెయ్యి చూసుకుని "ఊఁ" అన్నాకే. ముందు కూర్చుంటే సగం కూలి కోత. ఆ గడియారం మాత్రం పనిని బట్టి నడిచేది. కలుపు తొందరలో ఉంటే మధ్యాహ్నం ఎంతకీ అయ్యేది కాదు. ఆయనకి నిద్రొచ్చిన రోజు బేగి అయిపోయేది. అడిగితే, చదువులేనివాళ్ళకి గడియారం సంగతి ఏం తెలుసు అనేవాడు.

రోజూ నడినెత్తిన పొద్దున్నప్పుడు మా కొండమీదుగా ఒక విమానం పోయేది. ఉత్తరాన ఏవో ఊళ్ళలో దిగుతూ లేస్తూ వచ్చి విశాఖలో దిగేది. మబ్బున్నా చప్పుడు వినిపించేది, లోయంతా గుర్రుమనేది. పెద్దమ్మ కొన్నాళ్ళు దాన్ని గమనించింది. విమానం వచ్చే వేళకి నీడ పాదాల కిందే ఉంటోంది. మేస్త్రీ గడియారం మాత్రం రోజుకో మాట చెబుతోంది.

కూలి పంచే రోజున మేనేజరు ముందుకెళ్ళి నిలబడింది. మేమంతా వెనక ఉన్నాం.

"బావూ, రేపట్నించి మాకు గడియారం వొద్దు. ఇమానం ఎల్లగానే అంబలికి కూకుంటాం."

మేనేజరు నవ్వాడు. "విమానమా? ఎందుకూ?"

"గడియారం మేస్త్రీ బావుది. ఇమానం ఎవుల్దీ కాదు. దానికి మా మీద ప్రేమా నేదు, కోపమూ నేదు."

అందరూ నవ్వారు. మేస్త్రీ నవ్వలేదు. మేనేజరుకి ఆ మాట సరదాగా తోచింది. క్లబ్బులో చెప్పుకోడానికి బావుంటుంది. సరే అన్నాడు. "విమానం పోయాకే అంబలి. అంతకుముందు ఎవరు కూర్చున్నా కోతే. మాట మీదుండాలి మరి," అన్నాడు. పెద్దమ్మ బుర్ర ఊపింది. మా అందరి తరఫునా ఊపింది.

ఈ ఏడు ఎండాకాలం మా తోటలో మంచి రోజులు. చప్పుడు వినగానే వరసల్లోంచి "వచ్చేసిందర్రోయ్!" అని కేకలు. పక్క కొండవాళ్ళు వాళ్ళ ఒరియాలో కేకేసేవాళ్ళు. కత్తులు, గునపాలు ఎక్కడివక్కడ పడేసి కూర్చునేవాళ్ళం. పెద్దమ్మ మాత్రం వెంటనే కూర్చునేది కాదు. నిలబడి, ఆకాశంలోకి చెయ్యి ఊపి, "ఎల్లు నాయినా, ఎల్లు, నీకు ఆలీసమైపోద్ది," అని సాగనంపేది. పొరుగింటి కుర్రాడిని బడికి పంపినట్టు. తర్వాత బుర్ర దించి, మొదటి గుక్క నాకిచ్చి, తను తాగేది. ఆ నెలల్లో ఆమె కడుపు పట్టుకుని ముడుచుకోవడం నేను చూడలేదు.

వానాకాలం గాలులు మొదలయ్యాయి. పడమటి నుంచి కొట్టే గాలి. దానికి సిల్వర్ ఓక్ ఆకులు వెనక్కి తిరిగి, తెల్లటి అడుగు వైపు పైకొచ్చి, కొండంతా తెల్లబడుతుంది. ఒకరోజు నీడ పాదాల కింద నుంచి జరిగిపోయింది, విమానం రాలేదు. మేం చేతులతో పనిచేస్తూ చెవులతో వెతుకుతున్నాం. మేస్త్రీ తన కారియరు తినేసి, మూతి తుడుచుకుని, మొద్దు మీద కూర్చున్నాడు.

"ఏటప్పా, మీ గడియారం ఇంకా రానేదేటి? కీ ఇవ్వడం మరిసిపోనావా?"

"వత్తాది బావూ. నీ గడియారంలా పడుకోదు అది," అంది పెద్దమ్మ.

వచ్చింది. పొద్దు వాలాక వచ్చింది. ఆ రోజు ఆమె చెయ్యి ఊపలేదు.

అలాంటి రోజులు ఎక్కువయ్యాయి. నాకు పిచ్చి కోపం వచ్చింది. ఎవరి మీదో తెలియని కోపం. ఎరువు బస్తాల కోసం లారీ మీద విశాఖ వెళ్ళినప్పుడు, దారి తప్పించి విమానాలు దిగే చోటికి పోయాను. గేటు దగ్గర సామాన్లు మోసే మనిషి బీడీ కాలుస్తున్నాడు. మా శృంగవరపుకోట వైపు మనిషే. అడిగాను.

"సైకిలు తొక్కేవేటి ఎప్పుడైనా?" అన్నాడు.

తొక్కానన్నాను.

"ఎదురుగాలిలో తొక్కితే కోట సంతకి ఎంతసేపు పడతాది? దానికీ అంతే. అడ్డంగా కొడితే ఇంకా కట్టం. అదుగో, కర్ర మీద గుడ్డ గొట్టం ఊగతన్నాది, సూసేవా? దిగే దారి ఒకేపు, గాలి ఇంకోపు. పక్కనించి తన్నితే దిగబోయిన ఇమానం పక్కకి పోద్ది. అందుకే పైనే తిరుగుతాడు. గాలి తగ్గితే దిగుతాడు. తగ్గకపోతే, నూనె సూసుకుని వేరే ఊరెల్లిపోతాడు."

"ఇక్కడ గాలి లేని రోజున కూడా ఆలస్యమేం?"

"ఇక్కడ నేకపోతే ఎనకటి ఊర్లో ఉంటాది. ఉన్నది ఒక్క ఇమానం. ఆ ఊర్లో కూకుండిపోతే ఈ ఊరికి ఎవుడు తెత్తాడు? ఒక్కచోట ఆగితే అన్ని ఊర్లలోనూ ఆగినట్టే." బీడీ పారేసి అడిగాడు. "ఎవులికోసం సూత్తన్నావు? సుట్టాలేటైనా దిగతన్నారేటి?"

అంబలి కోసం అని చెప్పాను. మొదట పగలబడి నవ్వాడు. అంతా విన్నాక నవ్వు ఆపేశాడు. లోపలికెళ్ళి టీ తెచ్చి ఇచ్చాడు. అతని దగ్గర మాత్రం ఇంకేముంది ఇవ్వడానికి?

కొండెక్కి వచ్చి పెద్దమ్మకి అంతా చెప్పాను. పొయ్యి దగ్గర కూర్చుని వింది.

"అయితే దాని మీదా దొరున్నాడన్నమాట," అంది. "గాలి దొర. నాను ఎవుల్దీ కాదనుకున్నాను."

మర్నాడు మళ్ళీ మేనేజరు దగ్గరికెళ్ళింది. రైలుదారి పక్కన పనికిరాని పట్టా ముక్కలు పడుంటాయి. గ్యాంగువాళ్ళని అడిగితే ఒకటిస్తామన్నారు. చెట్టుకి కట్టి, నీడ పాదాల కిందకి రాగానే గంటలా కొడితే చాలు, అంది. మేనేజరు ఈసారి నవ్వలేదు. "రోజుకో మాటా? మీరడిగిందే ఇచ్చాం. నీడ చూసి నువ్వు చెబితే నేను పని ఆపాలా? విమానం వద్దంటే మళ్ళీ గడియారమే," అన్నాడు. పక్కనే మేస్త్రీ గడియారానికి కీ ఇస్తున్నాడు.

ఆమెకి రెండే దారులు. గాలి దయ, లేకపోతే మేస్త్రీ దయ. గాలినే ఎంచుకుంది. ఎందుకని అడిగాను.

"గాలి కావాలని సెయ్యదు గదరా," అంది.

మంగళవారం పొద్దున్నే కొండంతా తెల్లబడి ఉంది. ఆకులన్నీ తిరగబడ్డాయి. నిలబడి మాట్లాడితే మాట పక్కవాడికి చేరడం లేదు. ఈ రోజు విమానం రాదని పసిపిల్లలకి కూడా తెలుసు. రాకపోతే పని దిగేదాకా అంబలి లేదు. నీడ కాళ్ళ కిందకి వచ్చి, దాటి, చెట్టు మొదలు అవతలికి పోయింది. పెద్దమ్మ బుట్ట దించి మళ్ళీ ఎత్తుకున్నప్పుడు కడుపు మీద చెయ్యి పెట్టుకుంది. నేను పరిగెత్తి వెళ్ళాను.

"రెండు గుక్కలు తాగు పెద్దమ్మా. చెట్టు చాటున తాగు. నేను అడ్డం నిలబడతాను."

"మేస్త్రీ సూత్తన్నాడు."

"చూడనీ. కోసుకుంటే కోసుకోనీ కూలి!"

"కూలి గురించేట్రా?" అని కసిరింది. "మాటిచ్చింది నాను. నానే తప్పేననుకో, దానికోసమే సూత్తన్నాడాడు. రేపట్నించి అందరి కడుపులూ మళ్ళీ ఆడి సేతికే ఎల్లిపోతాయి. ఎల్లు, నీ వరస సూసుకో."

ఆమె నాతో అన్న చివరి మాట అదే. నీ వరస చూసుకో. చూసుకున్నాను. నేను వంగి గొయ్యి తవ్వుతుంటే వెనక ఆడవాళ్ళు అరిచారు. ఆ గాలిలో అరుపు కూడా సగమే వినిపించింది.

దుప్పటి రెండు కొసలూ కర్రకి కట్టి ఆమెని దించాం. దించుతున్నంతసేపూ నేను పైకే చూశాను. ఇప్పుడు వస్తే రాళ్ళు విసురుదామని. మబ్బులోకి రాయి విసిరే వెధవ పని కూడా నాకు దక్కలేదు. విమానం రాలేదు.

ఏదైనా మారిందా అని అడుగుతారేమో. మారలేదు. మేనేజరు వచ్చి, మంచి మనిషి అన్నాడు. పట్టా ముక్క సంగతి నేనెత్తితే, ఇది ఆ మాటలకి సమయం కాదన్నాడు. ఎప్పుడు సమయమో ఆయన గడియారంలో ఉంటుంది కాబోలు. దహనం అయిన మర్నాడు పనికి వెళ్ళాం. వెళ్ళకపోతే పొయ్యి వెలగదు. గాలి కాస్త తగ్గింది. పొద్దు బాగా వాలాక మబ్బుల పైన గుర్రుమంది. ఎవరూ కేకెయ్యలేదు. మేస్త్రీయే "కూకోండి, వచ్చింది," అన్నాడు. అందరూ కూర్చున్నారు. నేనూ కూర్చున్నాను. ఆకలేసింది, తిన్నాను. సాగనంపడానికి ఎవరూ లేచి నిలబడలేదు.

ఎగువ వాలులో సిల్వర్ ఓక్ కొమ్మకి ఆమె ఆనప బుర్ర ఇంకా అలాగే ఉంది. తియ్యడానికి ఎవరికీ చెయ్యి రాలేదు, నాకూ రాలేదు. మంగళవారం నాటి అంబలి లోపల పులిసి, పొంగి, అడ్డాకు మూతని తోసుకుని చెట్టు బెరడు మీద తెల్లగా కారింది. ఆ చార పొడుగునా చీమలు. గాలి వచ్చినప్పుడల్లా చెట్టు తెల్లబడుతుంది, బుర్ర ఊగుతుంది.