పేర్లు చదువని ఉపన్యాసం

దేశపెద్ద రాత్రి ఎనిమిదింటికి టీవీల మాట్లాడతడన్నరు. అంతకు ముందే శ్రీరాంపూర్ల మా కంపెనీ క్వార్టర్ నిండిపోయింది. అందరిండ్లల్ల టీవీలున్నయి. సరిహద్దు మీద ఫౌజుల కొడుకున్నది మాత్రం మా ఒక్క ఇంటికే. మా టీవీ చిన్నదని ఎప్పుడూ వంకలు పెట్టే పక్కింటి పెద్దమ్మ ఆ రోజు ముందు కుర్చీల కూసుంది.

లడాయి మొదలైనప్పటి సంది అన్న ఫోను కలుస్తలేదు. బ్యారకుల అన్న పక్క మంచం పిలగానిది ఆదిలాబాద్ దిక్కు. ఫోన్ల మా అవ్వను 'మావ్‌శీ', అంటే చిన్నమ్మా అని, మరాఠీల పిలుస్తుండె. అతని ఫోనూ అంతే.

పాస్టరయ్య వచ్చి ప్రార్థన చేసిండు. ఎప్పుడూ గంట దాటించే మనిషి, సరిగ్గ ఉపన్యాసం ముందట ఆమెన్ అన్నడు. దేవుడంటే ఆగుతడు, టీవీ ఆగదు కదా.

అవ్వ కూసోలే. కొంగు నోటికి అడ్డం పెట్టుకొని తలుపు కాడ నిలబడ్డది. నా చిన్నప్పుడు బాపు పనిచేసే బొగ్గుబాయిల కప్పు కూలిననాడు గూడ గిట్లనే లాంప్ రూం కాడ నిలబడ్డది. పైకొచ్చినోళ్లు టోపీ దీపాలు అప్పజెప్తుంటే, ఆ రూం లోపలి మనిషి ఒక్కొక్క పేరు గట్టిగ చదివిండు. బాపు పేరు చిట్టచివరికొచ్చింది. అప్పటి సంది అవ్వ లెక్క ఒక్కటే: ఆపదల నోరు తెరిచినోడు ముందుగాల బతికినోళ్ల పేర్లు చెప్పాలె.

ఉపన్యాసమంతా హిందీ. నేను తెలుగు చేసుకుంట పోయిన.

"ఏమంటుండు?"

"వీరుల నెత్తురు ఊరికె పోదంటుండు."

"నెత్తురెందుకొచ్చింది? ఎవలదట?"

"ఊకె అంటరవ్వా. కూరల ఉప్పు లెక్క."

ఎవ్వలు నవ్వలే. 'బలిదాన్' అన్న మాట నేను చెప్పకముందే అవ్వకు సమజైంది. బాయిల పోయినోళ్ల సంతాపసభల్ల ఆఫీసర్లు వాడే మాట అది. పక్కన నిలబడ్డ బాపు భుజం గట్టిగ పట్టుకుంది.

అయిపోయినంక పెద్దమ్మ కండ్లు తుడుచుకుంది. "ఎంత మంచిగ చెప్పిండు!"

"పేర్లు చదువలేదేందిరా?" అన్నది అవ్వ.

"దేశమవ్వా. శానమంది ఉంటరు."

"బాయిల గూడ శానమందే."



తెల్లారేసరికి ఆ ఉపన్యాసం డప్పుల మోత కలిపి గల్లీ మొత్తానికి వాట్సాప్ స్టేటసయింది. అన్న నంబరు మాత్రం స్విచ్ఛాఫ్ అన్నది. ఆ రెండు దినాలల్ల నాతోని సూటిగ మాట్లాడింది ఆ రికార్డు గొంతొక్కటే.

మూడోనాడు పగటీలి అన్న ఫోన్ చేసిండు. "అవ్వా, మంచిగున్న."

అవ్వ ఏడ్వలే. 

"మావ్‌శీ అనే పిలగాడు?" అన్నది అవ్వ.

అన్న బాయి పనోని కొడుకే గదా, బాయి కాడి మాటనే అన్నడు. "పైకి రాలేదవ్వా."

"వాళ్ల అవ్వకు ఎవలన్న చెప్పిండ్రా? లేకుంటే టీవీల విని కూసుందా?"

 గోడ అవతల పెద్దమ్మ ఫోన్ల ఉపన్యాసం మళ్ల మొదలైంది, చప్పట్లతోని. అవ్వ ఫోను నా చేతుల పెట్టి, పోయి ఆమె తలుపు కొట్టింది.

"జర బంద్ చెయ్యక్కా," అన్నది. "ఒక పేరచ్చింది."