సార్ చూపుడువేలు

మా ఫిలాసఫీ సార్ పోయిన శనివారం పొద్దున కన్నుమూశారు. నరసరావుపేటలో ఆయన దగ్గర చదువుకున్నవాళ్ళకి ఈ కబురు ఈసరికే చేరి ఉంటుంది. నాకు మాత్రం ఆ రోజు నుంచి మనసు మనసులో లేదు. ఎందుకో మీకు చెప్పుకోవాలి.

రిటైరయ్యాక సార్ సాయంత్రాలు వాళ్ళ వీధి చివర స్కూటర్ మెకానిక్ షెడ్డులోనే గడిచేవి. బల్లమీద కూర్చుని, కుడిచేయి మోకాలిమీద పెట్టి, చూపుడువేలు మెల్లగా పైకెత్తేవారు. "చూడబ్బాయ్, దీన్ని నేను లేపానా? లేవాల్సి ఉండి లేచిందా?" అనేవారు. నేనేదో ఒకటి చెప్పబోతే, "తొందరపడి తేల్చమాకు" అని ఆపేసేవారు.

మెకానిక్ భాయ్‌కి ఆ బెంగ లేదు. "అంతా పైవాడు రాసిందే సార్."

"మరి ఆ బ్రేకులెందుకయ్యా బిగిస్తన్నావు?"

"నేను బిగించాలనీ రాసే ఉంది గదా!"

సార్‌కి నవ్వు ఆగక టీ పొలమారింది. ఓడిపోయినా అంత సంతోషపడే మనిషిని నేను మళ్ళీ చూడలేదు. తెలియదని ఒప్పుకోవడానికి సిగ్గుపడక్కర్లేదని నాకు నేర్పింది ఆయనే.

గత వారం సార్‌కి పక్షవాతం వచ్చింది. గుంటూరు ఆసుపత్రిలో డాక్టరు, "స్పృహ లేదు, వస్తుందని కూడా చెప్పలేం. మెషీన్లమీద ఉంచుతారో, ఇంటికి తీసుకెళ్తారో మీరే చెప్పాలి" అన్నారు. పిల్లల్లేరు. సార్ భార్య, మేమంతా అమ్మగారని పిలిచే ఆవిడ, నా చేయి పట్టుకున్నారు. "నాకేం తోచట్లేదు నాయనా. ఆయన్నే అడుగు."

చెవి దగ్గరికి వంగి, "సార్, ఇంటికెళ్దామా?" అన్నాను.

దుప్పటిమీద చూపుడువేలు మెల్లగా లేచి, పడింది.

"అది రిఫ్లెక్స్ అండీ. ఆయనకేం తెలియదు" అన్నారు డాక్టరు. మళ్ళీ అడిగాను. మళ్ళీ అడిగాను. కదల్లేదు.

ఇంటికి తెచ్చేశాం. తెల్లారేసరికి పోయారు.

వసారాలో పడుకోబెట్టాక అమ్మగారు నన్ను పిలిచారు. "ఇంటికెళ్దామని ఆయనే వేలు లేపారంటావా నాయనా? లేకపోతే మనమే తొందరపడ్డామా?"

షెడ్డు మూసేసి వచ్చిన భాయ్ వైపు చూశాను. దేనికైనా చటుక్కున జవాబు చెప్పే మనిషి, పాడెకి వెదుళ్ళు చూస్తానంటూ వాకిట్లోకి వెళ్ళిపోయాడు. సార్ ఉంటే ఏమనేవారో నాకు తెలుసు. అయినా అనేశాను.

"ఆయనేనమ్మా. ఆయనే లేపారు."

నాకు తెలియదు. ఇప్పటికీ తెలియదు, భయంగానే ఉంది.

అమ్మగారు సార్ చూపుడువేలిని గుప్పిట్లో పట్టుకుని కూర్చున్నారు. పాడె కట్టేశామని వాకిట్లోంచి పిలుస్తున్నా, గుప్పిట విప్పలేదు.