పెద్దత్త ఒత్తిన మధ్యాహ్నాలు

పోయిన నెల నిద్ర సరిగా పట్టడం లేదని ఆసుపత్రికి వెళ్తే, డాక్టరమ్మ నా చేతికి ఒక కాగితం ఇచ్చి నింపమంది. గురక వస్తుందా, కాళ్ళు గుంజుతాయా అని వరసగా అడిగి, చివర్న 'పీడకలలు వస్తాయా? వారానికి ఎన్నిసార్లు?' అని ఉంది. జవాబు రాయడానికి బొటనవేలంత జాగా. కలం పట్టుకుని చాలాసేపు అలాగే కూర్చున్నాను. దేవుణ్ణీ దయ్యాన్నీ ఒకే గాటన కట్టి యాభై ఏళ్ళు వ్యాసాలు రాసిన మనిషిని నేను. అయినా నా జీవితంలో ఒక్క పీడకలను దగ్గర్నుంచి పరీక్షించాల్సి వచ్చినప్పుడు, ముందుగా బోల్తా పడింది నేనే.

అరవయ్యో దశకం మొదట్లో మాట. మహబూబ్‌నగర్‌లో పంతులమ్మ ట్రైనింగు ముగించుకుని, ఎండాకాలం సెలవులకు ఆత్మకూరులోని మా మేనమామ ఇంటికి వెళ్ళాను. ట్రైనింగులో నేర్చుకున్నది కొంతే. సంస్కరణ సభల్లో లేచి నిలబడి వాదించడం నేర్చుకున్నది ఎక్కువ. ఆ ఇంట్లో వాదించడానికి మనుషులు ముగ్గురే: మా అవ్వ, అంటే అమ్మను కన్న తల్లి, మగ్గం గుంతలో కాళ్ళు పెట్టుకుని రోజంతా చీరలు నేసే మామ, ఆయన రెండో భార్య చిన్నత్త. నాకంటే ఒక ఏడాది చిన్నది కనుక, వరసకు కోడల్ని అయినా నన్ను వదినా అనే పిలిచేది. పెళ్ళై పది నెలలు, నాలుగో నెల కడుపు. మొదటి భార్య పెద్దత్త అప్పటికి రెండేళ్ళ కిందట చనిపోయింది. ఎట్లా అంటే "పోయింది" అనేవారు, అంతే. నేను అప్పుడు హాస్టల్లో ఉన్నాను. వచ్చాక నేనూ ఆరా తీయలేదు.

పోయిన మొదటి భార్య పేరిట చిన్న పుస్తె చేయించి రెండో ఆమె మెడలో వేయడం మా దగ్గర ఆచారం. కొత్త చీర కట్టినా, కొత్త గాజులు వేసుకున్నా ముందు ఆ పుస్తెకు తాకించాలి, తర్వాతే తనకు. పోయినామె ఈర్ష్య పడకుండా ఇచ్చే లంచమిది అని నేనొక సభలో అంటే చప్పట్లు బాగా పడ్డాయి. చప్పట్లు కొట్టినవాళ్ళలో ఆ పుస్తె వేసుకున్న మనిషి ఒక్కతీ లేదన్న సంగతి నాకు అప్పుడు తట్టలేదు.

సాలెవాళ్ళ ఇంట్లో తెల్లవారకముందే పని మొదలవుతుంది. ఎండ ఎక్కేలోగా పడుగుకు, అంటే మగ్గానికెక్కే నిలువు పోగులకు, గంజి పెట్టి ఆరబెట్టాలి. అందుకే మధ్యాహ్నం జొన్నరొట్టె తిన్నాక అందరూ కాసేపు ఒరుగుతారు. చిన్నత్త మగ్గం పక్కన చల్లటి మట్టి నేల మీద వెల్లకిలా పడుకునేది. అరగంట గడిచేసరికి గొంతులోంచి సన్నటి మూలుగు. కళ్ళు సగం తెరిచి ఉండేవి, వేలు కూడా కదిలేది కాదు. తర్వాత ఒక్కసారిగా ఎగఊపిరితో లేచి కూర్చునేది, రవిక చెమటతో తడిసిపోయి.

"పెద్దామె వచ్చి రొమ్ము మీద కూసోని ఒత్తుతాంది," అంది అవ్వ. అమావాస్య ఇంకా ఎనిమిది రోజులుంది. ఆ రోజు నది అవతలి ఊళ్ళో మంత్రగాడి దగ్గరికి తీసుకుపోవడానికి బండి కూడా మాట్లాడి పెట్టింది. అతని వైద్యం ఏమిటో ఊరందరికీ తెలుసు. మిరపకాయల పొగ వేసి, దయ్యం దిగేదాకా వేపమండలతో బాదుతాడు.

"కడుపుతోటి ఉన్న మనిషిని కొట్టిస్తవా అవ్వా?"

"మనిషిని ఎవరు కొడ్తరే? దెబ్బలు దయ్యానికి తాకుతయి."

"అయితే నిన్నొకటి కొట్టి చూస్త. నీకు తాకుతదో, నీ మొండితనానికి తాకుతదో!"

"ట్రైనింగుల గిదే నేర్పిండ్రా పంతులమ్మా?" అంది అవ్వ. మగ్గం గుంతలో మామ నవ్వును దగ్గుగా మార్చుకున్నాడు. కానీ వద్దని తల్లికి ఒక్క మాటైనా చెప్పలేదు.

నా మొదటి సిద్ధాంతం పుస్తె. చచ్చినామెను పగలూ రాత్రీ మెడలో వేలాడదీసుకుంటే పీడకల రాక ఏమొస్తుంది? చిన్నత్తను ఒప్పించి దాన్ని తీయించాను. అవ్వకు తెలియకుండా కొంగున ముడి వేసుకుంది. ఆ మధ్యాహ్నం ఒత్తుడు రెండుసార్లు వచ్చింది. "తీసినందుకు కోపమొచ్చిందేమో వదినా," అని నా చేయి పట్టుకుని ఏడ్చింది. భయాన్ని తీసేయబోయి ఇంకో భయాన్ని తెచ్చిపెట్టాను. పుస్తె మళ్ళీ మెడకెక్కింది.

అప్పుడు వాదించడం మానేసి అడగడం మొదలుపెట్టాను. ఎదురింటి ముసలాయనకు రజాకార్లు పోయి ఇన్నేళ్ళైనా కలలో బూట్ల చప్పుడు, తలుపు మీద దెబ్బలు. బడిలో లెక్కల పంతులు కలలో తానే పరీక్షకు కూర్చునేవాడు, చేతిలో కలం ఉండదు. మామను అడిగితే, "పోగులు ఒకటెన్క ఒకటి తెగుతుంటయి. ఎన్కనుంచి ఎవరో పిలుస్తుంటరు. ముడేసేదాక లేవనీకి రాదు," అని మళ్ళీ నేతలో పడిపోయాడు. నాకూ ఉంది ఒకటి: సభలో లేచి నిలబడతాను, గొంతు పెగలదు. ఎవరి దయ్యం వాళ్ళ బతుకులోంచే లేచి వచ్చేది. మరి చిన్నత్తది?

"మొకం కనవడ్తదా?" అని అడిగాను.

"లేదు."

"మరి పెద్దత్తే అని ఎట్ల తెలుసు?"

"అందరు గట్లనే అంటుండ్రు గద." తర్వాత మెల్లగా చెప్పింది. "నాకు అన్ని ఇనవడ్తయి వదినా. మగ్గం చప్పుడు, అత్తమ్మ దగ్గుడు. చెయ్యి లేపుదామంటే లేవది. ఎవరన్న జర ముట్టుకుంటే బాగుండు అనిపిస్తది. ఎవ్వరు ముట్టుకోరు."

నిజమే. ముట్టుకుంటే దయ్యం తమకు అంటుకుంటుందని అందరూ గోడకు ఆనుకుని నిలబడేవాళ్ళు. దయ్యాలు లేవని ఊరూరా చెప్పే నేను కూడా ఆ రోజుదాకా ఆమెను తాకలేదు. ఎందుకని నన్ను అడగకండి.

అమావాస్య ఇంకా రెండు రోజులుందనగా, అవ్వ రాట్నం మీద కండెలు చుడుతోంది. చిన్నత్త పక్కన కూర్చుని నూలు చిక్కు తీస్తోంది. "నీకెప్పుడన్న ఒత్తిందా అవ్వా?" అన్నాను.

"ఎందుకొత్తలే? మీ అమ్మ కడుపుల ఉన్నప్పుడు నెల దినాలు ఒత్తింది."

"ఎవరు?"

"ఇంకెవరు, మా అత్త."

"ఆమె అప్పటికే సచ్చిపోయిందా?"

"ఏడ సచ్చింది! పక్క అర్రల రొట్టెలు చేస్తాండె." అనేశాక, అవ్వ చేతిలో రాట్నం ఆగిపోయింది.

చిన్నత్త నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది, ఆగలేదు. ఆ ఇంట్లో ఆమె నవ్వడం నేను వినడం అదే మొదలు. "రొట్టెలు చేసుకుంటనే వచ్చి కూసున్నదా అత్తమ్మా?"

"నవ్వు నవ్వు! ముసల్దాన్ని చూసి ఇద్దరు నవ్వుండ్రి," అని కసురుకోబోయి, అవ్వ కూడా నవ్వింది. ఆ నవ్వు ఇంకా ఆరకముందే, చిన్నత్త తల వంచుకుని అడిగింది: "అక్క ఎట్ల పోయింది అత్తమ్మా?"

మగ్గం చప్పుడు ఆగింది. అవ్వ నూలు వైపు చూస్తూ చెప్పింది. "రెండు దినాలు నొప్పులు పడ్డది. మంత్రసాని అయితది అయితది అన్నది. నేను గూడ గట్లనే అన్న. దవాఖానకు బండి కట్టేటాల్లకు..."

"నేను గూడ పడుగు అయిపోనీ అన్న," అన్నాడు మామ గుంతలోంచి. మాట మాకు సరిగ్గా వినబడలేదేమో అన్నట్టు మళ్ళీ అన్నాడు. "నేనే అన్న."

"మరి నన్ను ఏడికి తీస్కపోతరు?" అంది చిన్నత్త.

అవ్వ ఓడిపోయే మనిషి కాదు. రాట్నం మళ్ళీ తిప్పుతూ, "బండి మాట్లాడిన గద, బండి ఉండనీ," అంది. "నది అవతలికి వద్దు. దవాఖానకే పోదాం."

అమావాస్యనాడు సగం నేసిన చీరను మగ్గం మీదే వదిలేసి మామ కూడా బండెక్కాడు. దవాఖానలో నర్సమ్మ చూసి, రాత్రి నిద్ర చాలేలా తెల్లవారుజాము పని మాన్పించమంది, పక్కకు తిరిగి పడుకోమంది, నొప్పులు మొదలైన గంటకే రమ్మంది. ఒత్తుడు ఆ తర్వాత కూడా ఒకటి రెండుసార్లు వచ్చింది. అప్పుడు అవ్వ గబగబా వెళ్ళి చిన్నత్త కాలి బొటనవేలు పట్టుకుని ఊపేది: "లే పిల్లా, నేనున్న." అంతటితో తేలిపోయేది. వేలు పట్టుకునే ముందు అవ్వ ఎవరికో ఒక దండం పెట్టుకునేది. నేను చూడనట్టు ఉండేదాన్ని.

నిద్రలో శరీరం కట్టేసినట్టు ఉంటుందని, ఒక్కోసారి మనసు దానికంటే ముందు మేలుకుంటుందని, అలసిపోయి వెల్లకిలా పడుకున్నవాళ్ళకు ఇది ఎక్కువని చాలా ఏళ్ళ తర్వాత చదివాను. అది నిజం. కానీ బరువు ఎందుకొచ్చిందో చెప్పే ఆ పుస్తకాల్లో, ఆ బరువుకు ఒక పేరు ఎందుకొచ్చిందో లేదు. ఆ పేరు మా ఇంట్లోనే పుట్టింది.

కార్తీకంలో దవాఖానలో ఆడపిల్ల పుట్టింది, తల్లీ పిల్లా క్షేమం. ఇక ఆ పుస్తె తీసెయ్యరాదా అంటే చిన్నత్త తల అడ్డంగా ఊపింది. "ఉండనీ వదినా. నాకంటె ముందు భయపడ్డది ఆమె."

పెద్దత్త ఎలా పోయిందో చెప్పడానికి మా అవ్వకు ఐదు నిమిషాలు కూడా పట్టలేదు. ఆ ఐదు నిమిషాలు మా ఇంట్లోకి రావడానికి మాత్రం రెండేళ్ళు పట్టింది.